ఎవరి కొలత

అయనావరంలో మునిరత్నం టైలరు
కొలతల పుస్తకం వెనక పేజీల్లో
ప్రేమ కవితలు రాస్తాడు.
బడిలో చదివింది అరవం.
తెలుగు ఇంట్లో నేర్చాడు, చెవితో.
అందుకని ఆయన రాతలో క, గ ఒకటే,
త, ద ఒకటే, ప, బ ఒకటే.

జాకెట్టు వదులు చేయించుకుందామని వెళ్ళినదాన్ని.
నెల్లూరిదాన్నని తెలియగానే
"చదువుకున్న పిల్లవి, తప్పులు దిద్దమ్మా" అని
పుస్తకం చేతిలో పెట్టాడు.
ఛాతీ ముప్పైనాలుగు, చెయ్యి పొడవు పది,
ఆ లెక్కల వెనక
ఇంకు అవతలికి దిగిన అక్షరాలు.

"నీ జుట్టులో కాలి ఆడుతుంటే
నేను కుట్టు మరిచాను."
నవ్వాపుకోలేకపోయాను.
ఎర్ర పెన్నుతో కాలిని గాలి చేశాను.
ఆయనా నవ్వాడు.
"అవునమ్మా, కాలికంటే గాలి తేలిక."

రెండో పేజీలో ఆగిపోయాను.
"నీ కోపం నాకు పాత."
బాధ కదా, అన్నాను, అప్పటికే సున్నా చుట్టేసి.
"బాధే," అన్నాడు.
కత్తెర మూసి తెరిచి, మళ్ళీ మూసి,
"పాతే కూడా. ఉండనీ."
ఉండనిచ్చాం.
నేను చుట్టిన ఎర్ర సున్నాని మాత్రం
ఇద్దరం చెరపలేకపోయాం.

వాన కవిత తనే చదివాడు, మిషను ఆపి, గట్టిగా.
మొదటిసారి నిన్ను చూసినప్పుడు వాన,
వానలో నువ్వు, నువ్వే వాన...
వెనక బల్ల మీద కాజాలు కుడుతున్న ధనకోటమ్మకి
ఏ భాషా చదవడం రాదు.
తలెత్తలేదు.
దారం పళ్ళతో తెంపి,
"ఆ పొద్దు వాన యాడిది? మలమల ఎండ.
చెమటకి తడిసి నిలబడుంటివి" అంది.

కాసేపు ఫ్యాను చప్పుడే.
మునిరత్నం చెవి మీది పెన్సిలు తీసి
వాన ఉన్న చోటల్లా కొట్టేశాడు.
మిగిలినదాంట్లో
ఒక మనిషి ఎండలో నిలబడి ఉన్నాడు.
నేను దిద్దినవాటిలో ఏదీ
అంత బాగుపడలేదు.

ఆ ధైర్యంతోనే కాబోలు
మరుసటి ఆదివారం నా కాగితం నేనూ తీసుకెళ్ళాను.
ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో
రాత్రి డ్యూటీల్లో రాసుకున్నది.
హాస్టల్లో ముగ్గురు చదివి బాగుందన్నారు.
ఎవరో తలుపు మెల్లగా వేసినట్టు వినబడింది ఆ మాట.

ఆయన వరుస కింద వేలు పెట్టి
పెదాలు కదుపుతూ చదివాడు.
బట్టని చూసినట్టే చూశాడు,
వెనక్కి తిప్పి కూడా.
"నీట్‌గా ఉందమ్మా. ఒక్క దారం లేవలా.
రెడీమేడ్. ఎవరికి తొడిగినా పడతాది."
ఆగి, అడిగాడు:
"కొలత ఎవరిది?"

చెవులు కాలిపోయాయి.
వెన్నెల తరఫున వాదించాను.
తప్పులు లేవు కదా, అన్నాను.
"అదేనమ్మా చెప్తా ఉండేది.
నలభై ఏండ్లుగా కొలుస్తా ఉండా.
ఏ మనిషికీ రెండు భుజాలూ ఒక ఎత్తులో ఉండవు."
ధనకోటమ్మ అప్పుడు తలెత్తింది.
"పిల్లని ఏడిపించబాక. టీ చెప్పు."

టీ తాగాను. వేడిగా ఉందని కూడా అనలేదు.
ఎర్ర పెన్ను ఆ రోజు సంచీలోనే ఉండిపోయింది.

తిరుగు బస్సులో కడ్డీ పట్టుకుని
అతన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాను.
కళ్ళు... పన్నెండు పంక్తులు రాశాను,
రంగు గుర్తు లేదు.
చూపుడువేలికి ఎప్పుడూ స్టాంపు సిరా.
చట్నీ అంతా ముందే అవగొట్టి
చివరి ఇడ్లీ ఉత్తదే తింటాడు.
నా పేరులో మొదటి అక్షరం మింగి పిలుస్తాడు.
భుజం?
ఏ వైపుది దిగువ?

మూడేళ్ళుగా పక్కపక్క కౌంటర్లు.
సోమవారం పొద్దున చూడాలి,
పై అరలో రిజిస్టరు అందుకోడానికి
అతను చెయ్యి చాపినప్పుడు.